చందమామ మనవైపే యేల చూచును?



చంద్రుడు భూమి చుట్టు తిరుగునని మనమందరము చిన్ననాడే చదువుకొంటిమి. అతడు తన చుట్టు తాను గూడ తిరుగునా యని యెవరైన నడిగినచో మాత్రము మనలో ననేకులు తడుముకొందురు. "తిరుగుచుండినచో ఆ కుందేలు ఒకనాడైన మరుగుపడవలదా? మా అవ్వ చూచిన కుందేలునే నేనును చూచుచున్నాను గదా!" యనువారే యెక్కువ. ఈ వాదము తెలివితక్కువది కాదు. కంటికి కనబడినదానిని బట్టి చేసినది. అయినను సరియైనది కాదు. చంద్రుడు తిరిగిననేమి, తిరుగకున్ననేమి, మన యింటిలో పప్పు ఉడుకక మానునా యని మీరనవచ్చును. మా యింటిలో మాత్రమీ ప్రశ్న ఒక పసివాని నిద్రకు సంబంధించినదై కూర్చున్నది.

నేను పుట్టినది జమ్మలమడుగు, మెట్టినది ప్రొద్దుటూరు. మా చెల్లెలిని పులివెందుల కిచ్చితిమి. కడప జిల్లాలోని యీ మూడూళ్లలోను పాత యిండ్లన్నియు మిద్దెలే. వేసవిలో ప్రొద్దు గ్రుంకగానే మిద్దెమీద నాలుగు బిందెల నీళ్లు చల్లి, చాపలు పరచుకొని పండుకొనుట మా సీమవారి యలవాటు. అట్లు వెల్లకిల పండుకొన్నవారికి చుక్కలు, చందమామ తప్ప చూచుటకు వేరేమి గలదు? అందుచేత మా వైపు పిల్లలకు చందమామతో చనువెక్కువ.

మా చెల్లెలి కుమారునికి మాత్రము ఆ చనువు లేదు. వాడు పుట్టునప్పుడే పైపెదవి చీలియుండెను. దానిని మనము గ్రహణము మొర్రి యందుము. వానికి ఆరవ మాసమున వైద్యులు శస్త్రచికిత్స చేసి పెదవిని కుట్టిరి. ఇప్పుడు వానికి పదియేండ్లు. దగ్గరకు వచ్చి చూచినవారికి ముక్కు క్రింద సన్నని దారమువంటి గీత యొకటి కనబడును. అంతే. శరీరముపై గుర్తు అంత చిన్నదైనను, ఇంటిలో దాని కథ చాల పెద్దది. మా చెల్లెలు ఏడవ నెలలో నున్నప్పుడు గ్రహణవేళ కత్తిపీట ముందు గూర్చుండి వంకాయలు తరిగినదనియు, అందుచేతనే బిడ్డ కట్లు పుట్టెననియు వాని జేజి వచ్చినవారి కెల్లరకు చెప్పుచుండెను. ఆనాడు వేరుసెనగ పీకుటకు వచ్చిన కూలీలకు కూర వండవలసి యుండినది. ఆ పని చెప్పినవా రెవరో ఎవ్వరును అడుగలేదు. వినివిని బడిపిల్లలు గూడ, "నీ పెదవిని చందమామ కొరికినాడంట గదరా!" యని వానిని ఏడిపించుట మొదలుపెట్టిరి.

2025 వేసవి సెలవులకు వాడు మా యింటికి వచ్చెను. పౌర్ణమినాటి రాత్రి పిల్లలందరు మిద్దెపై పరుగులెత్తుచుండగా వాడొక్కడు దిండులో ముఖము దాచుకొని బోర్ల పండుకొని యుండెను. ఏమిరా యని బుజ్జగించి యడుగగా, కొంతసేపటికి, "పెద్దమ్మా! చందమామ ఎప్పుడును వెనుకకు తిరుగడా? ఎప్పుడును మనలనే చూచుచుండునా?" యనెను.

మా బావగారు ప్రక్కనే యుండిరి. వారు చిరకాలము ప్రత్తిమిల్లులో లెక్కలు వ్రాసినవారు. పంచాంగము చూడనిదే పొరుగూరికి గూడ పోరు. వారు వాత్సల్యముతోనే, "తిరుగడు నాయనా! భూమిని కనిపెట్టి యుండుటకే భగవంతుడు వానిని అట్లు నిలిపినాడు. కావలివాడు వీపు త్రిప్పునా?" యనిరి. వాడు దుప్పటి నెత్తిమీదికి లాగుకొనెను. మంచిమాట గూడ వినువాని గాయమునుబట్టి వేరొక యర్థము నిచ్చునని నాకా క్షణమున తోచినది.

మరునాటి యుదయమున పూజకు ముందు వానిని తులసికోట యొద్దకు పిలిచితిని. "నాన్నా! తులసమ్మకు ఒక ప్రదక్షిణము చేయుము. ఎటువైపు ముఖము పెట్టి నడచుచున్నావో పైకి చెప్పుచుండుము" అంటిని. కోటకు తూర్పున నున్నప్పుడు వాడు దక్షిణముఖముగా నడచెను. దక్షిణమున నున్నప్పుడు పడమటికిని, పడమట నున్నప్పుడు ఉత్తరమునకును, ఉత్తరమున నున్నప్పుడు తూర్పునకును వాని ముఖము తిరిగెను. మరల తూర్పునకు వచ్చుసరికి నాలుగు దిక్కులను ఒకమారు చూచి వచ్చినాడు. "మరి తులసమ్మకు నీ యెడమచేయి కనబడినదా?" "లేదు పెద్దమ్మా, కుడిచేయియే." "నీవు తిరిగితివా, లేదా?" వాడు నవ్వెను. మనము గుడిలో ఉన్నచోటనే నిలిచి చుట్టు తిరిగి నమస్కరించునది ఆత్మప్రదక్షిణము. తులసమ్మకు ప్రదక్షిణము చేసిన ప్రతి స్త్రీయు తనకు తెలియకుండనే ఒక ఆత్మప్రదక్షిణము గూడ చేయుచున్నది. చంద్రుడు చేయునదియు నిదియే. భూమికి ఒక ప్రదక్షిణము పూర్తియగుసరికి అతని ఆత్మప్రదక్షిణము గూడ ఒకటి సరిగా పూర్తియగును. ఆ రెండును సమమగుటచేతనే మనకు ఒకటే ముఖము కనబడును.

అతడు నిజముగా తిరుగకుండినచో ఏమగును? దానిని గూడ చేసి చూచితిమి. ముఖము తూర్పుననే యుంచి, పక్కకు జరుగుచు, వెనుకకు నడచుచు వానిని కోట చుట్టు తిరుగుమంటిని. తూర్పున నున్నప్పుడు తులసమ్మకు వాని వీపు, పడమట నున్నప్పుడు ముఖము, ఉత్తరమున కుడిచేయి, దక్షిణమున ఎడమచేయి కనబడినవి. అనగా చంద్రుడు తన చుట్టు తాను తిరుగనివాడే యైనచో నెలలోపల మనకు అతని ముందు వెనుక లన్నియు కనబడియుండవలెను. కుందేలు కదలకుండుటయే చంద్రుడు తిరుగుటకు సాక్ష్యము. సోదరీమణులు నా మాట నమ్మనక్కరలేదు. పెరటిలో రోలున్నను చాలును, రోలు లేనివారికి కుర్చీ చాలును. చేసి చూడుడు.

బావగారు వసారాలోనుండి యిదంతయు చూచుచునే యుండిరి. "అమ్మాయీ! తిరుగలి పిడి గూడ చుట్టు వచ్చుచున్నది గదా. అది తన చుట్టు తాను తిరుగుచున్నదని యందువా? రాతిలో దిగగొట్టియున్నది!" యని యడ్డుచెప్పిరి. ఇది మంచి ప్రశ్న. పిడికి నడిమివైపున కుంకుమబొట్టు పెట్టి తిరుగలి త్రిప్పితిని. బొట్టు నడిమి మేకువైపే చూచుచుండెను, నిజమే. కాని వాకిటనుండి చూచువారికి అది ఒకమారు వాకిటివైపును, ఒకమారు గోడవైపును తిరుగుచు కనబడెను. వేగముగా విసరునప్పుడు ఆ పిడి ఊడి యెగిరిపోయిన దనుకొనుడు. అది గాలిలో గిరగిర తిరుగుచునే పోవును. తిరుగుట దానికి మొదటనే లేకుండినచో ఆ గిరగిర యెక్కడినుండి వచ్చెను? అట్లే ఈ క్షణమున భూమి మాయమైనచో చంద్రుడు తిన్నగా నొకవైపునకు పోవును. పోవుచు గూడ 27 దినముల కొకమారు తన చుట్టు తాను తిరుగుచునే యుండును.

ఈ తగవు మా వసారాలోనే పుట్టినది కాదు. ఇంగ్లండులో హెన్రీ పెరిగల్ అను నొకాయన 1801 మొదలు 1898 వరకు జీవించెను. రేఖాగణితమున గట్టివాడు. పైథాగరసు సిద్ధాంతమును ముక్కలు కత్తిరించి పేర్చి చూపుటకు ఆయన కనిపెట్టిన పద్ధతి నేటికిని పేరుగలది. అట్టివాడు చంద్రుడు తన చుట్టు తాను తిరుగడని లోకమును ఒప్పించుటకై పటములు గీసెను, కీళ్లబొమ్మలు చేసెను, పద్యములు గూడ వ్రాసెను. ఎవ్వరును ఒప్పుకొనలేదు. అయినను ఆయన ఉత్సాహము తగ్గలేదట. మా బావగారికి ఈ కథ మిక్కిలి నచ్చినది.

కాని వారిని ఒప్పించినది తులసికోటయు కాదు, తిరుగలియు కాదు. వారి పంచాంగమే. మనకు నక్షత్రములు 27, తిథులు 30. ఒకే చంద్రునికి రెండు లెక్క లెందుకు? నేడు రోహిణిలో నున్న చంద్రుడు మరల రోహిణికి వచ్చుటకు 27 దినముల 7 గంటల 43 నిమిషములు పట్టును. అది చుక్కలనుబట్టి చూచిన లెక్క. అంతలో సూర్యుడు గూడ ఇంచుమించు ఒక రాశి ముందుకు జరిగియుండును గనుక, చంద్రుడు అతనిని అందుకొని మరల పౌర్ణమి యగుటకు 29న్నర దినములు పట్టును. చంద్రుని ఆత్మప్రదక్షిణము మొదటి లెక్క. చంద్రునిపై ఒక ఉదయమునుండి మరుసటి ఉదయమువరకు గల కాలము రెండవ లెక్క. "మనకు మాసమైనది పితృదేవతలకు ఒక దినము" అని బావగారే అప్రయత్నముగా ననిరి. ప్రతి అమావాస్యకు తర్పణము విడుచువారు గదా! నేను ఊరకుండలేక, "బావగారూ! చంద్రునిపై దినమున్నదన్నచో అచ్చట ప్రొద్దు పొడుచుట, ప్రొద్దు గ్రుంకుట యున్నట్లే గదా. చంద్రుడు తిరుగనిచో అవి నెలకొకమారు ఎట్లు జరుగును?" అంటిని. వారు కండ్లజోడు తీసి తుడుచుకొని మరల పెట్టుకొనిరి. ఆపైన తిరుగలి మాట యెత్తలేదు.

ఈ పితృదేవతల సంగతి సామాన్యమైనది కాదు. 1150 నాటి తన సిద్ధాంతశిరోమణిలో భాస్కరాచార్యులు పితరులు చంద్రుని పైభాగమున, అనగా మనకు కనబడని వైపున నివసింతురనియు, మన అమావాస్య వారికి మిట్టమధ్యాహ్నమనియు చెప్పెను. పితరులు అచ్చట నున్నారా లేరా యనునది విశ్వాసమునకు సంబంధించిన మాట. లెక్క మాత్రము తప్పులేనిది. మనకు అమావాస్య యైననాడు ఆ వెనుకభాగమున నిజముగా పట్టపగలు. చంద్రుని వెనుకవైపు ఎప్పుడును చీకటియే యని నేటికిని అనుకొనువారు ఈ ముక్క గమనింపవలెను. ఎన్నడును చూడని ప్రదేశమున ఎప్పుడు మధ్యాహ్నమగునో దూరదర్శిని లేని దినములలో లెక్కకట్టిన తలను తలచుకొన్నప్పుడెల్ల నాకు ఒడలు పులకరించును.

ఆ వెనుకభాగము మొదట ఛాయాచిత్రమునకు చిక్కినది 1959 అక్టోబరు 7వ తేదిన. రష్యావారి లూనా-3 అను యంత్రము వెనుకకు పోయి ఛాయాచిత్రములు తీసి పంపినది. మనవైపున కుందేలుగా కనబడు నల్లని మైదానములు అటువైపున మిక్కిలి తక్కువ. అంతయు గుంటలమయము. 2019 జనవరి 3వ తేదిన చీనావారి యంత్రమొకటి అచ్చట దిగినది గూడ. "అయితే వెనుకవైపున కన్నులు లేవా?" యని మావాడడిగెను. ముందువైపునను లేవంటిని.

అతడు ఏల యిట్లు సరిగా సమముగా తిరుగుచున్నాడు? ఎవరైన గడియారము చూచి త్రిప్పుచున్నారా? కాదు. పూర్వకాలమున చంద్రుడు ఇంతకంటె వేగముగా తన చుట్టు తాను తిరుగుచుండెను. భూమి తన యాకర్షణచే అతని శరీరమును ఇటు నటు కొంచెముగా సాగదీయుచుండెను. అట్లు సాగిన ఉబ్బు భూమివైపు నిలువబోవును, తిరుగుడు దానిని ప్రక్కకు లాగుకొని పోవును. ఆ పెనుగులాటలో రాపిడి పుట్టి వేగము తగ్గి తగ్గి, తుదకు ప్రదక్షిణమును ఆత్మప్రదక్షిణమును ఒకటై కుదురుకొన్నవి. బృహస్పతి గ్రహమునకు గల నాలుగు పెద్ద చంద్రులును తమ గ్రహమునకు ఒకే ముఖము చూపుచున్నవి. కనుక ఇది మనపై ప్రత్యేకముగా నిలిపిన చూపు కాదు. ఆ ముఖము గూడ బొత్తిగా కదలక యుండునది కాదు. చంద్రుని నడక ఒకప్పుడు వడిగా, ఒకప్పుడు మెల్లగా నుండుటచేతను, అతడు కొంచెము వంగి తిరుగుటచేతను, తల యూచినట్లగును. అందుచేత మొత్తము మీద నూటికి 59 పాళ్లు మనకు కనబడును.

ఇక చంద్రు డెందులకు పుట్టెనను ప్రశ్నకు లోకమున కొదువ లేదు. రాత్రికి దీపముగా పెట్టినారని కొందరు. ఫ్రాన్సుదేశపు గణితజ్ఞుడు లాప్లాసు 1796లో దీనికి చక్కని సమాధానము చెప్పెను. దీపముకొరకే యైనచో చంద్రుని ఎల్లప్పుడు సూర్యునకు ఎదురుగా, ఇప్పటికంటె రమారమి నాలుగింతల దూరమున నుంచిన ప్రతిరాత్రియు పౌర్ణమియే యగును గదా, సగము రాత్రులు చీకటిలో ముంచు దీపమేమి దీపమని ఆయన భావము. నెలకు సగము దినములు కరెంటు లేని యిల్లు ఎట్లుండునో యెరిగినవారము గనుక మనకీ మాట సులభముగనే తెలియును. సముద్రమునకు ఆటుపోటులు కలిగించుటకని కొందరు. అది చంద్రునివలన జరుగుచున్న పనియే. అయినను పని జరుగుట వేరు, ఆ పనికొరకే పుట్టుట వేరు. సముద్రమే లేని మా కడప జిల్లావారి మాట యేమి? పెన్నానదిలో ఏటికి కొన్ని దినములు నీరుండిన చాలునని మ్రొక్కుకొనువారము. బిడ్డలకు బువ్వ తినిపించుటకు పుట్టెనని తల్లులు చెప్పునది వీనన్నింటికంటె మేలు. దానివలన బిడ్డ కడుపైన నిండును.

చంద్రుడు తిరుగుటకు మనదేశమువారు కన్నులార చూచిన సాక్ష్యమొకటి యున్నది. 2023 జూలై 14వ తేదిన మన శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23వ తేదిన చంద్రుని దక్షిణధ్రువపు వైపున దిగినది. ఆ దినమును ఏల యేర్పరచుకొనిరి? ఆ చోట అప్పుడే తెల్లవారినది. యంత్రములు సూర్యరశ్మితో పనిచేయునవి గనుక వానికి అక్కడి ఒక పగలు, అనగా మన 14 దినములు మాత్రమే ఆయువు. సెప్టెంబరు మొదటివారమున వానిని నిద్రపుచ్చిరి. వెనువెంటనే అచ్చట ప్రొద్దు గ్రుంకినది. మరల 22వ తేది ప్రాంతమున తెల్లవారినప్పుడు పిలిచి చూచిరి గాని అవి మేలుకొనలేదు. మావాడు ఈ కథను నాలుగుమార్లు చెప్పించుకొనెను. "చందమామకు గూడ రాత్రి యగునా పెద్దమ్మా!" యని ఆశ్చర్యపడెను. ఆ రాత్రి వెల్లకిల పండుకొనెను.

సెలవులైపోయి వాడు పులివెందులకు పోయెను. 2025 సెప్టెంబరు 7వ తేది ఆదివారము భాద్రపద పౌర్ణమినాడు సంపూర్ణ చంద్రగ్రహణము వచ్చినది. నేను ఆ దినము చెల్లెలి యింటనే యుంటిని. ఆమె తోడికోడలికి అప్పుడు ఏడవ నెల. ఆమెను సాయంకాలమునుండియే చీకటిగదిలో వెల్లకిల పండుకొనబెట్టి, కాలు ముడువరాదు, మంచినీరు త్రాగరాదు, గోటితో గీరికొనరాదని కట్టడి చేసిరి. ఉక్కపోతలో ఆ పిల్ల చెమటతో తడిసిపోవుచుండెను. మా చెల్లెలు గడపలో నిలిచి నావైపు చూచినది. పదియేండ్లుగా ఆ చూపు నేనెరుగుదును.

నేను జేజి యొద్దకు పోయి కూర్చుండి మెల్లగా చెప్పితిని. "అత్తా! కడుపులో బిడ్డకు పెదవి ఎప్పుడు కుదురునో తెలియునా? నాలుగవ వారమునుండి ఏడవ వారములోపల. నెల కాదు, వారము. అప్పటికి చాలమందికి తాము కడుపుతో నున్నట్లే తెలియదు. అంగిలి గూడ తొమ్మిదవ వారమునకు కుదురును. ఏడవ నెలలో వంకాయ తరిగినచో, ఎన్నడో కుదిరిపోయిన పెదవి మరల ఎట్లు చీలును? వంశమునుబట్టి కొంత, తల్లి శరీరస్థితినిబట్టి, తీసికొన్న కొన్ని మందులనుబట్టి కొంత యని వైద్యులు చెప్పుచున్నారు. గ్రహణమున చంద్రుడు చేయునదేమియు లేదు. సూర్యునికిని అతనికిని నడుమ మన భూమి వచ్చును. ఆ నీడ మనదే."

ఆమె చాలసేపు మాటాడలేదు. వక్కలు కత్తిరించుచు కూర్చుండెను. ఏడు వారములను వ్రేళ్లమీద లెక్కించుకొన్నట్లు నాకు తోచినది. తరువాత, "ఆ పిల్లకు మంచినీళ్లియ్యండి" అనెను. మరికొంతసేపటికి, "గదిలో గాలి లేదు, మిద్దెమీదికి తీసికొనిపోండి. ముఖము మాత్రము కప్పుకొమ్మనండి" అనెను. నేను అంతకంటె వాదింపలేదు. పదియేండ్లు మోసిన మాటను ఒక గంటలో దింపుమనుట న్యాయము కాదు. మా చెల్లెలితో ఆమె ఆనాడేమియు ననలేదు. కాని పైకి పోవుచు ఆమె భుజముపై చేయి వేసికొని మెట్లెక్కినది.

మబ్బులు వచ్చుచు పోవుచు నుండెను. పదకొండు గంటలకు చంద్రుడు పూర్తిగా నీడలో మునిగి పాతరాగి చెంబు రంగునకు తిరిగెను. రమారమి 82 నిమిషములు అట్లే యుండెను. తోడికోడలు చెంగు క్రిందినుండి తొంగిచూచుచుండెను. ఎవ్వరును వారింపలేదు. మావాడు తులసికోటకు బదులు నీళ్లబిందెను నడుమ పెట్టి, జేజికి ప్రదక్షిణము చేసి చూపి, ఎవరు ఎక్కడ నిలిచిన నీడ ఎటు పడునో చేతిదీపముతో చూపుచుండెను. ఆమె శ్రద్ధగా చూచి, "అయితే ఆ నీడలో మన మిద్దె నీడ గూడ యున్నదా నాయనా?" యని యడిగెను.

"ఉన్నది జేజీ."

"నా నీడ?"

"నీది గూడ."

ఒంటిగంట దాటిన పిమ్మట గ్రహణము విడిచినది. ఆమె క్రిందికి దిగి, ఎప్పటివలెనే విడుపుస్నానము చేసి, ఊరగాయజాడీలపైనుండి దర్భలు తీసివేసి, మనుమని ప్రక్కన పండుకొనెను.